రికార్డింగ్ గదిలో వాటర్ కూలింగ్ పీసీ: ఫ్యాన్ల హోరు తగ్గాలంటే ఏవి కొనాలి, ఎలా బిగించాలి?

గొంతుగూడు (విజయవాడ)

అందరికీ నమస్కారం. ఇంట్లో కూర్చుని వాయిస్ ఓవర్ చేసుకునేవాణ్ణి. ఎక్కువగా ఆడియో పుస్తకాలు, ఆన్‌లైన్ క్లాసుల పాఠాలు. సీజన్ వస్తే పురుగుమందుల యాడ్లు కూడా. పొలాల వైపు ఆటోలో "రైతు సోదరులకు విజ్ఞప్తి" అని వినబడితే అది నా గొంతే అయ్యుండొచ్చు.

గది చిన్నది. గోడలకి పాత బొంతలు కొట్టి ఉన్నాయి. ఏసీ ఉంది గానీ మైక్ ఆన్ చేస్తే అది ఆపాల్సిందే. మే నెలలో విజయవాడలో తలుపులు మూసి ఏసీ ఆపిన గది ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు కదా, కాసేపట్లోనే 35, 36 డిగ్రీలకి వెళ్తుంది.

పీసీ ఇది: రైజెన్ 9 5900ఎక్స్ ప్రాసెసర్, ఆర్‌టీఎక్స్ 3060 గ్రాఫిక్స్ కార్డు, ముందు భాగంలో 360 ఎంఎం ఏఐఓ వాటర్ కూలర్ (పంపు, గొట్టాలు, రేడియేటర్ అన్నీ కలిపి వచ్చేది). దాని మూడు ఫ్యాన్లు గాలిని లోపలికి లాగుతాయి. వెనక 120 ఎంఎం ఫ్యాన్ ఒకటి, పైన అలాంటివే రెండు, ఈ మూడూ బయటికి. మూడు లోపలికి, మూడు బయటికి, బ్యాలెన్స్ సరిపోయిందని అసెంబుల్ చేసినాయన చెప్పాడు.

ఇబ్బందులు రెండు. ఒకటి, ఫ్యాన్లు ఊరికే లేస్తాయి, పడతాయి. బ్రౌజర్ తెరిస్తే చాలు, ఒక్కసారి హుయ్‌మని లేచి మళ్లీ దిగుతాయి. వాక్యం మధ్యలో అలా లేస్తే ఆ టేక్ పోయినట్టే. రెండు, అవి లేవనప్పుడు కూడా ఒక హమ్ ఉంటుంది. అది నిలకడగా ఉండదు, ఊగుతుంది. వూఁ... వూఁ... అని. హెడ్‌ఫోన్స్‌లో వింటే తల నొప్పి పుడుతుంది.

ఆడియో పుస్తకాలకి నాయిస్ ఫ్లోర్ (ఎవరూ మాట్లాడనప్పుడు మైక్‌లో పడే చప్పుడు) మైనస్ 60 డెసిబెల్స్ కన్నా కింద ఉండాలి. ఆడియో పుస్తకాలు అమ్మిపెట్టే ఏసీఎక్స్ వాళ్ల షరతు అది, మా క్లయింట్లు కూడా దాన్నే అడుగుతారు. నాకు మైనస్ 54 దగ్గర తిరుగుతోంది. నాయిస్ రిడక్షన్ గట్టిగా వేస్తే గొంతు రేకు డబ్బాలా తయారవుతోంది.

ఇంకో సంగతి, సంబంధం ఉందో లేదో తెలీదు: కేసు వెనక గ్రాఫిక్స్ కార్డు స్లాట్ల చుట్టూ నల్లటి దుమ్ము చారలు కడుతున్నాయి. ముందు ఫిల్టర్ ఉంది, అయినా లోపల దుమ్మే.

ఆరు ఫ్యాన్లూ మార్చేద్దామనుకుంటున్నాను. నాక్టువా కంపెనీ ఫ్యాన్లు కొనమంటారా? వేరే ఏదైనా?

వేపచెట్టు

142 వాట్లు తాగే ప్రాసెసర్‌కి నీళ్లెందుకండీ? పెద్ద ఎయిర్ కూలర్ ఒకటి పెట్టుకుంటే పంపు గోలే ఉండదు. లేదంటే తెల్లవారుజామున నాలుగింటికి లేచి చదవండి, అన్నీ చల్లగా ఉంటాయి.

గొంతుగూడు (విజయవాడ)

నాలుగింటికి మా వీధిలో పాల బండ్లు మొదలవుతాయండీ, ఆ వెనకే గుడి మైకు. కూలర్ కొని ఏడాది కూడా కాలేదు, దాన్ని పడేయలేను.

డక్టు బాబాయి (హైదరాబాద్)

నేను ఏసీ డక్టింగ్ పనిలో ఉంటాను, ఎక్కువగా ఫార్మా కంపెనీల క్లీన్ రూములు. పీసీలు నాకు సరదా మాత్రమే. అయితే గాలికి పెట్టె పెద్దదా చిన్నదా అన్న పట్టింపు ఉండదు కాబట్టి చెబుతున్నాను. ఇంకా ఏమీ కొనకండి.

మీ అసెంబుల్ చేసినాయన లెక్క ఫ్యాన్లకి సరిపోయింది, గాలికి సరిపోలేదు. పెట్టె మీద రాసే సీఎఫ్ఎం (నిమిషానికి ఎన్ని ఘనపు అడుగుల గాలి) ఎదురుగా అడ్డేమీ లేనప్పటి మాట. మీ ముందు ఫ్యాన్లు మెష్, దాని వెనక డస్ట్ ఫిల్టర్, ఆ వెనక రేడియేటర్ ఫిన్లు, ఇన్ని దాటించి గాలి లాగాలి. అక్కడికొచ్చేసరికి సగం మిగిలితే గొప్ప. పైనున్న రెండింటికీ, వెనకదానికీ అడ్డం ఉత్త జాలీయే. అంటే లోపలికి వచ్చేది ఒకటిన్నర ఫ్యాన్ గాలి, బయటికి పోయేది మూడు ఫ్యాన్ల గాలి. ఆ లోటు ఎక్కడో ఒకచోట పూడాలి కదా. స్లాట్ల సందుల్లోంచి, ఫిల్టర్ లేని ప్రతి చిల్లులోంచీ దూరుతుంది. మీ నల్ల చారలు అవే.

మా క్లీన్ రూముల్లో పక్క గదికన్నా 10 నుంచి 15 పాస్కల్స్ ఒత్తిడి ఎక్కువ ఉంచుతాం. సందు ఉంటే గాలి బయటికే పోవాలి, దుమ్ము లోపలికి రాకూడదు. పీసీలో అంత ఒత్తిడి రాదు, అక్కర్లేదు కూడా. దిశ మాత్రం అదే ఉండాలి. మేం స్మోక్ టెస్ట్ చేసి చూస్తాం. మీకు ఒక్క అగరుబత్తి చాలు. పీసీ నడుస్తుండగా వెలిగించి స్లాట్ల సందు దగ్గర, సైడ్ ప్యానెల్ అంచుల దగ్గర పట్టుకోండి. పొగ లోపలికి వంగితే నెగెటివ్, అంటే లోపల ఒత్తిడి తక్కువ; బయటికి తోస్తే పాజిటివ్. నిమిషం చాలు. ఎక్కువసేపు పెడితే ఆ జిడ్డు ఫిన్లకి పడుతుంది.

ఇప్పుడు పైన ముందు వైపున్న ఫ్యాన్ సంగతి. దాన్ని ముందు తీసేయండి. రేడియేటర్ దాటి లోపలికొచ్చిన గాలి బోర్డుని గానీ గ్రాఫిక్స్ కార్డుని గానీ చూడకముందే అది పైకి లాగేస్తోంది. బస్సులో ముందు తలుపున ఎక్కి అదే తలుపున దిగిపోయినట్టు. పైన వెనక వైపుది మాత్రం ఉంచండి. వాటర్ కూలింగ్ పెట్టుకున్నవాళ్లు మర్చిపోయేది ఒకటుంది. ఎయిర్ కూలర్ ఉంటే దాని ఫ్యాన్ గాలి పక్కనున్న వీఆర్ఎంకి (ప్రాసెసర్‌కి కరెంటు అందించే భాగం), ర్యామ్‌కి కూడా కొంచెం తగులుతుంది. ఏఐఓ పెడితే సాకెట్ చుట్టూ గాలి ఆడదు. వెనక ఫ్యాన్, పైన వెనక ఫ్యాన్ నెమ్మదిగా తిరుగుతుంటే ఆ మూల ఖాళీ అవుతూ ఉంటుంది.

అసలు మీకు ఎంత గాలి కావాలో చూద్దాం. గాలి 10 డిగ్రీలు వేడెక్కి బయటికి పోతే చాలనుకోండి. రెండరింగ్ లాంటి పూర్తి పని మీద మీ పీసీ 350 వాట్ల వేడి ఇస్తే గంటకి 105 ఘనపు మీటర్లు కావాలి, మీ భాషలో 60 సీఎఫ్ఎం పైచిలుకు. మైక్ ముందు చదువుతున్నప్పుడో? ఒక ఆడియో ట్రాక్ రికార్డ్ అవడం తప్ప ఆ ప్రాసెసర్‌కి పనేముంది? మొత్తం 120 వాట్లు వేసుకున్నా గంటకి 36 ఘనపు మీటర్లు చాలు. మీరన్న నాక్టువాలో ఎన్ఎఫ్-ఏ12ఎక్స్25 ఫ్యాన్‌నే లెక్కకి తీసుకోండి, 2000 ఆర్‌పీఎం దగ్గర ఖాళీలో గంటకి 102 ఘనపు మీటర్లు తోస్తుంది. ఫ్యాన్ వేగంతో పాటే గాలి కూడా నేరుగా తగ్గుతుంది కాబట్టి 600 దగ్గర 30. రేడియేటర్ సగం మింగేస్తే 15. మూడింటికీ కలిపి 45. సరిపోయి ఇంకా మిగిలింది.

చప్పుడు మాత్రం గాలిలా నేరుగా తగ్గదు, చాలా వేగంగా పడిపోతుంది. ఫ్యాన్ వేగం సగం చేస్తే సుమారు 15 డెసిబెల్స్ తగ్గుతుంది. ఫ్యాన్ల సంఖ్య రెట్టింపు చేస్తే పెరిగేది 3. అందుకే తక్కువ ఫ్యాన్లని పరిగెత్తించడం కన్నా ఎక్కువ ఫ్యాన్లని నడిపించడం మేలు. అయితే ఒక మెలిక. వేగం సగమైతే ఒత్తిడి నాలుగో వంతుకి పడుతుంది. అదే ఫ్యాన్‌కి పూర్తి వేగంలో 2.34 మిల్లీమీటర్ల నీటి మట్టం అంత ఒత్తిడి ఉంటే 600 దగ్గర 0.2 మాత్రమే మిగులుతుంది. ఆ మాత్రం బలంతో దుమ్ము పట్టిన ఫిల్టర్‌ని దాటలేదు. నెమ్మదిగా తిప్పాలనుకునేవాడు ఫిల్టర్ కడుగుతూ ఉండాలి, వేరే దారి లేదు.

ఇక లేవడం, పడడం. మీ ఫ్యాన్లు ప్రాసెసర్ ఉష్ణోగ్రతని చూసి తిరుగుతున్నాయి. ఈ రైజెన్లు బ్రౌజర్ తెరిచినా ఒక కోర్‌ని పూర్తి బూస్ట్‌కి తీసుకెళ్తాయి, రీడింగ్ క్షణంలో 15, 20 డిగ్రీలు ఎగురుతుంది. నీళ్లు అలా ఎగరవు. లీటరు నీళ్లు ఒక డిగ్రీ పెరగాలంటే 4.18 కిలోజౌళ్లు కావాలి. మీ ఏఐఓలో అంత నీళ్లుండవు గానీ అవి వేడెక్కడానికి నిమిషాలు పడుతుంది, క్షణాలు కాదు. కాబట్టి ఫ్యాన్లకి ప్రాసెసర్ ఉష్ణోగ్రత కాదు, నీళ్ల ఉష్ణోగ్రత చూపించండి. యూఎస్‌బీ కేబుల్ ఉన్న ఏఐఓలు చాలావరకు ఆ రీడింగ్ ఇస్తాయి. ఫ్యాన్ కంట్రోల్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో దాన్ని ఎంచుకోవచ్చు, కొన్ని కూలర్లకి ప్లగిన్ వేసుకోవాలి.

చలి దేశాల వాళ్లు వీడియోల్లో చూపించే కర్వ్ (ఏ వేడికి ఫ్యాన్ ఎంత వేగం అన్న పట్టిక) మాత్రం పెట్టకండి. వాళ్ల కర్వ్ 30 డిగ్రీల దగ్గర లేవడం మొదలవుతుంది. మీ గదే 36 అంటున్నారు. నీళ్లు గదికన్నా చల్లగా ఎలా ఉంటాయి? మే నెలంతా ఫ్యాన్లు ఊరికే అరుస్తాయి. చూడాల్సింది నీళ్లకీ గదికీ ఉన్న తేడాని. పని లేనప్పుడు 4, 5 డిగ్రీల తేడా, గట్టి పనిలో 10, 12 తేడా ఉంటే మీ కూలర్ హాయిగా ఉన్నట్టే. గది 36, నీళ్లు 48 అయినా కంగారు పడకండి, ఇలాంటి పంపులకి హద్దు మామూలుగా 60 దగ్గర ఉంటుంది.

రెండు ప్రొఫైల్స్ పెట్టుకోండి. "రికార్డింగ్" అనేదానిలో అన్నీ ఒకే స్థిర వేగం మీద, కర్వ్ ఉండకూడదు. నిలకడగా ఉన్న చప్పుడుని మీ సాఫ్ట్‌వేర్ తేలిగ్గా తీసేస్తుంది, మారే చప్పుడు దానికి దొరకదు. ఇంకోటి "ఎక్స్‌పోర్ట్". అందులో ఎంత అరిచినా మీరు పక్క గదిలో టీ తాగుతుంటారు.

ఇవన్నీ అయ్యాక కూడా హమ్ మిగిలితే అప్పుడు కొనండి. ఆ ఊగే హమ్ మీద నాకు ఒక అనుమానం ఉంది. ఖాళీ గదిని అర నిమిషం రికార్డ్ చేసి ఆడాసిటీ అనే ఆడియో సాఫ్ట్‌వేర్‌లో స్పెక్ట్రమ్ (ఏ శ్రుతిలో ఎంత చప్పుడుందో చూపే గ్రాఫ్) చూడండి. ఫ్యాన్ ఆర్‌పీఎంని రెక్కల సంఖ్యతో గుణించి 60తో భాగిస్తే అది పలికే శ్రుతి వస్తుంది. ఆ అంకె దగ్గర గుట్ట కనిపిస్తే దొంగ దొరికినట్టే.

సీటీసీ కుర్రాడు (సికింద్రాబాద్)

బాబాయి చెప్పినంక నేను చెప్పేది ఏముంది గానీ, కొనే సంగతి వస్తే మాత్రం రెండు ముక్కలు. నేను ఇక్కడి కంప్యూటర్ మార్కెట్ సీటీసీలో రోజూ పీసీలు బిగిస్తా.

అన్నా, ఆరూ నాక్టువా అంటే పైసలు దండగ. ఒక్క నాక్టువా ధరకి ఆర్కటిక్ కంపెనీ పీ12 ఫ్యాన్లు రెండో మూడో వస్తాయి. పెట్టుబడి పెట్టాలంటే రేడియేటర్ మీద మూడింటికే పెట్టు, అక్కడే ఒత్తిడి కావాలి. వెనక దానికి, పైదానికి ఏదైనా మంచి పీడబ్ల్యూఎం ఫ్యాన్ (నాలుగు పిన్నులది, బోర్డే వేగం మార్చగలిగేది) చాలు. కస్టమర్లు ఎక్కువగా మోసపోయేది రంగు లైట్ల ఫ్యాన్ల దగ్గర. లైట్ల ఫ్యాన్ ఒకటి చెవి దగ్గర పెట్టుకుని 500 మీద తిప్పి చూడు, కొన్నిట్లో టిక్ టిక్ అని మోటారు శబ్దం వినబడుతుంది. నీకు మైక్ పని కాబట్టి లైట్లు వద్దు. ఇంకోటి, ఐదు రెక్కల చవక ఫ్యాన్లలో కొన్ని 900, 1000 మధ్య గుంయ్ అంటాయి. ఆ వేగం మీద ఆపకుండా దాటించేస్తే బానే ఉంటాయి.

రేడియేటర్ మూడు ఫ్యాన్లూ బోర్డు మీద ఒకే హెడర్‌కి (ఫ్యాన్ వైరు గుచ్చే చోటు) స్ప్లిటర్ వేసి పెట్టు. హెడర్ సాధారణంగా 1 ఆంపియర్ తట్టుకుంటది, నాక్టువా ఏ12 ఒక్కోటి 0.14 తీసుకుంటది, భయం లేదు. స్ప్లిటర్‌లో ఒక్క ఫ్యాన్ స్పీడే బోర్డుకి కనబడుతుంది, మిగిలినవి ఆగినా తెలియదు. అప్పుడప్పుడు చూసుకో. మూడు పిన్నుల ఫ్యాన్ ఉంటే బయోస్‌లో డీసీ మోడ్ పెట్టాలి, లేకపోతే అది ఎప్పుడూ ఫుల్లే తిరుగుతది.

గొంతుగూడు (విజయవాడ)

బాబాయి గారూ, దొంగ దొరికాడు. దొంగలు అనాలి.

ముందు మూడు ఫ్యాన్లకీ తొమ్మిదేసి రెక్కలు, 900 మీద తిరుగుతున్నాయి. మీ లెక్కన 135 హెర్ట్జ్. వెనకదానికి ఏడు రెక్కలు, 1200 మీద ఉంది, 140. స్పెక్ట్రమ్‌లో సరిగ్గా ఆ రెండు చోట్లే రెండు మొనలు, పక్కపక్కనే. రెండింటికీ 5 హెర్ట్జ్ తేడా, సెకనుకి ఐదుసార్లు ఊగుతోందన్నమాట. వెనక ఫ్యాన్ వైరు పీకేసి వింటే ఊగడం టక్కున ఆగిపోయింది. నా గొంతు కూడా ఆ 130 చుట్టుపక్కలే నడుస్తుంది, ఫిల్టర్‌తో కోస్తే నేనే కోసుకుపోతాను. ఇన్నాళ్లూ మైక్‌ని అనుమానిస్తూ కూర్చున్నాను.

అగరుబత్తి కూడా చూశాను. స్లాట్ల దగ్గర పొగ ఎవరో పీల్చినట్టు లోపలికి పోయింది. పైన ముందు ఫ్యాన్ తీసేశాక, మిగిలిన రెండు ఎగ్జాస్ట్‌లనీ 500కి దించాక బయటికి తోస్తోంది. గట్టిగా కాదు, కొద్దిగా వంగుతోంది అంతే. అది చాలా?

డక్టు బాబాయి (హైదరాబాద్)

చాలు. వంపు బయటికి ఉంటే చాలు, గట్టిగా కొట్టక్కర్లేదు.

దొంగలిద్దరినీ ఒకే చోట పట్టారు కాబట్టి వాళ్లని మీకు పనికిరాని చోటికి తోసేద్దాం. వాయిస్ మీద మామూలుగా 80 హెర్ట్జ్ హై పాస్ ఫిల్టర్ (ఆ శ్రుతి కిందివి తగ్గించేది) వేస్తారు కదా. ముందు ఫ్యాన్లని 520 మీద పెట్టండి, తొమ్మిది రెక్కలకి 78 అవుతుంది. వెనకది 500 అంటే ఏడు రెక్కలకి 58. రెండూ ఫిల్టర్ కిందికి పోతాయి, ఒకదానికొకటి దూరంగా కూడా ఉంటాయి. పై శ్రుతులు కొంచెం మిగులుతాయి గానీ ఆ వేగంలో వాటికి బలం ఉండదు. 520 దగ్గర మూడింటి గాలీ, రేడియేటర్ కోత పోగా, గంటకి 40 దాకా వస్తుంది. చదువుకోడానికి మీకు కావాల్సింది 36 అని లెక్కేశాం.

పంపుని మాత్రం ఇలా ఆడించకండి. దాన్నొక వేగంలో పెట్టి వదిలేయండి. కర్వ్ మీద వదిలితే సన్నని కూత ఎక్కుతూ దిగుతూ ఉంటుంది. ముందు బిగించిన రేడియేటర్‌లో పైభాగం పంపు కన్నా ఎత్తులో ఉందా లేదా కూడా చూసుకోండి. లోపలి గాలి బుడగ పైకే చేరుతుంది, ఆ పైన పంపు ఉంటే గరగరమంటుంది.

శ్రుతిపెట్టె

నేనూ మైక్ మనిషినే. ఫ్యాన్ల మాట అయింది కాబట్టి చిన్నది ఒకటి. మీది కార్డియాయిడ్ మైక్ (ముందు వైపు శబ్దాన్నే ఎక్కువగా తీసుకునేది) అయితే దాని వీపు పీసీ వైపు ఉండాలి, వెనక నుంచి వచ్చేదాన్ని అది బాగా తక్కువ తీసుకుంటుంది. చాలామంది మానిటర్ వైపు ముఖం పెట్టి కూర్చుని, పీసీని తమ వెనక మూలలో పెడతారు. అప్పుడు మైక్ నేరుగా పీసీనే చూస్తుంది. పీసీ, మైక్ స్టాండ్ ఒకే బల్ల మీద ఉన్నా తప్పే. వణుకు చెక్కలోంచి ఎక్కుతుంది. పీసీని కింద దించి, దాని కాళ్ల కింద మందపాటి రబ్బరు వేయండి. వెనక జాలీ గోడకి ఆనించొద్దు, ఒక జానెడు వదలండి.

గొంతుగూడు (విజయవాడ)

పీసీ బల్ల మీదే ఉంది, నాకు ఎడమ పక్కన! దించేశాను. యూఎస్‌బీ కేబుల్ పొడుగుది కొనాల్సి వచ్చింది, అదొక్కటే ఖర్చు.

ముందు ఫ్యాన్లు 520, వెనక, పైన 500. మధ్యాహ్నం గది 36.5 ఉండగా గంటపైగా చదివాను. నీళ్లు 42 దగ్గర నిలబడ్డాయి. నాయిస్ ఫ్లోర్ మైనస్ 63. నాయిస్ రిడక్షన్ ముట్టుకోలేదు. ఇప్పుడు వినిపిస్తున్నదల్లా నా కుర్చీ కిర్రుమనడం, పక్కింటి వాళ్ల మిక్సీ.

ఎక్స్‌పోర్ట్ ప్రొఫైల్‌లో గ్రాఫిక్స్ కార్డుతో వీడియో చేస్తే మాత్రం కార్డు 78 దాకా పోతోంది. రేడియేటర్ వేడి గాలి దాని మీదికే వస్తుంది కాబట్టి అనుకుంటున్నాను. దానికేమైనా చేయాలా? ఇంకోటి, పైన ఫ్యాన్ తీసేసిన చోట ఖాళీగా ఉంది, అట్ట ముక్క పెట్టి మూసేయనా?

డక్టు బాబాయి (హైదరాబాద్)

78 అనేది ఆ కార్డుకి ప్రమాదం కాదు. అప్పుడు మైక్ ఆఫ్‌లో ఉంటుంది కాబట్టి ముందు ఫ్యాన్లని 1100 చేసుకోండి, కార్డుకి గాలి పెరుగుతుంది. ప్రాసెసర్‌ని బయోస్‌లో ఎకో మోడ్‌లో (తక్కువ కరెంటు వాడే మోడ్) పెడితే 142 వాట్లు 88కి దిగుతాయి, రేడియేటర్ దాటొచ్చే గాలి కూడా ఆ మేరకు చల్లబడుతుంది. ఎక్స్‌పోర్ట్ కాస్త ఆలస్యమవుతుంది, అంతే.

అట్ట వద్దు. ముందు ఫ్యాన్లని 520కి దించారు కాబట్టి అగరుబత్తి మళ్లీ ఒకసారి పట్టి చూడండి; పొగ ఇంకా బయటికే వంగితే అక్కణ్ణుంచి గాలి బయటికే పోతుంది, పోనివ్వండి. లోపలికి వంగితే ఎగ్జాస్ట్‌లని ఇంకాస్త దించండి. పీసీ ఆపాక పై నుంచి దుమ్ము రాలకుండా సన్న జాలీ ఒకటి వేయండి, బల్లులు దూరకుండా కూడా పనికొస్తుంది. ముందు ఫిల్టర్ వారానికోసారి కడగండి, పూర్తిగా ఆరాకే బిగించండి. నీళ్లకీ గదికీ తేడా ఇప్పుడు ఐదున్నర ఉంది కదా, అదే వేగంలో అది ఎనిమిదికి చేరితే ఫిల్టర్ మూసుకుపోయినట్టే.

సీటీసీ కుర్రాడు (సికింద్రాబాద్)

మరి ఫ్యాన్లు కొనవా అన్నా?

గొంతుగూడు (విజయవాడ)

ఆ డబ్బుతో కొత్త కుర్చీ చూస్తున్నాను తమ్ముడూ. కిర్రుమననిది నీకేమైనా తెలుసా?